నాలుగు వేళ్ళ గుడ్డ

నోట్లో గుండుసూదులు. నాలుక అంచున ఇనుము రుచి.

పొద్దున కొట్టు తలుపు తెరవగానే ముందు ఎండ వస్తుంది. నాకంటే ముందే గడప దాటుతుంది. తొమ్మిదింటికి కుట్టుమిషను కాళ్ళ దగ్గర కూర్చుంటుంది. పదకొండింటికి గుడ్డలు కత్తిరించే బల్ల ఎక్కుతుంది. రెండింటికి కత్తెర మీద పడుతుంది. నాలుగున్నరకి నిలువుటద్దాన్ని అందుకుంటుంది. అక్కడితో దాని పని అయిపోయి పక్క మేడ వెనక్కి వెళ్ళిపోతుంది.

ఇరవై ఆరేళ్ళుగా ఇంతే.

తమ్ముడు పోయిన రోజు కూడా ఇంతే. ఆ రోజు కూడా సిగ్గులేకుండా తొమ్మిదింటికల్లా వచ్చింది. మిషను కాళ్ళ దగ్గర కూర్చుంది. నేను దాన్ని తిట్టాను. వాకిట్లో నిలబడి ఎండని తిట్టే ఆడమనిషిని ఈ వీధి అంతకుముందు చూసి ఉండదు.

ఏడవమని అందరూ చెప్పారు. ఏడిస్తే తేలికపడతావు అన్నారు.

నాకు తేలికపడాలని లేదు.

నాకు కోపంగా ఉంది.

ఏడు నెలలు దాటింది. కోపం ఒక్క పిసరు తగ్గలేదు. పొద్దున లేస్తే నాకంటే ముందు అది లేచి కూర్చుంటోంది. మిషను తొక్కితే పాదాల్లోకి దిగుతోంది. దారం తెగితే దారం మీద, ఇస్త్రీ పెట్టె వేడెక్కకపోతే ఇస్త్రీ పెట్టె మీద, గుండీ ఊడిపోయిందని వచ్చిన పాపానికి ఎదురింటాయన మీద... అన్నిటి మీదా పడుతోంది. పడాల్సిన మనిషి లేడు మరి. చేతికి దొరకడు.

తమ్ముడు ఊళ్ళో బస్సు నడిపేవాడు. పందొమ్మిదేళ్ళు నడిపాడు. వాడి బస్సు కోసం ముసలివాళ్ళు రెండు బస్సులు వదులుకుని నిలబడేవాళ్ళు. బ్రేకు వేస్తే చేతిలో గ్లాసు తొణకదని చెప్పుకునేవాళ్ళు. బస్సు కదిలాక ఎవరైనా పరిగెత్తుకొస్తుంటే పక్క అద్దంలో చూసి ఆపేవాడు. టైమైపోతోందని లోపలివాళ్ళు గోల పెడుతున్నా ఆపేవాడు. సంచీ మోసుకొచ్చే ముసలమ్మ కోసం ఆపాడు. ఒక చెప్పు జారిపోయి ఒంటికాలి మీద గెంతుతున్న ఆఫీసు కుర్రాడి కోసం ఆపాడు.

అందరి కోసం ఆగేవాడు.

నా కోసం ఆగలేదు. కూతురి కోసం ఆగలేదు.

ఎలా పోయాడో చెప్పను. అందరూ ముందు అదే అడుగుతారు. గొంతు తగ్గించి, చుట్టూ చూసి, ఎలా... అంటారు. ఆ ప్రశ్న వేసిన ప్రతి మొహం నాకు గుర్తుంది. వాళ్ళలో ముగ్గురి కొలతల కాగితాలు చింపేశాను. వాళ్ళు వేరే కొట్టు చూసుకోవచ్చు.

*

మా పనిలో ఒక పద్ధతి ఉంది.

వదులైన బట్ట బిగించమని తెస్తే ఎక్కువైన గుడ్డ కోసి పారెయ్యం. లోపలికి మడిచి కుట్టేస్తాం. మనిషి ఒళ్ళు ఒక్క తీరున ఉండదు. ఇవాళ తగ్గుతుంది, రేపు పెరుగుతుంది. పెరిగిన రోజు ఆ కుట్టు విప్పితే బట్ట మళ్ళీ సరిపోతుంది. పిల్లల బట్టలకైతే ఇంకా ఎక్కువ వదులుతాం. కాలి అంచు దగ్గర నాలుగు వేళ్ళు ఆనించి, అంత గుడ్డ లోపల దాచి కుడతాం. ఏడాది తిరిగేసరికి పిల్ల పెరుగుతుంది. మడత విప్పి కిందికి దించుతాం.

అమ్మ నాకు ఈ పని నేర్పినప్పుడు ముందు నేర్పింది ఇదే. టేపు కాదు, కత్తెర కాదు. నా చెయ్యి పట్టుకుని గుడ్డ అంచు మీద అడ్డంగా పెట్టింది. ఇంత వదులు, అంది. అంతే.

ఈ చేతులతో వీధి వీధంతా కొలిచాను. ఎవరి నడుము ఎప్పుడు పెరిగిందో, ఎవరి భుజం ఏ పక్కకి వాలిందో నాకు తెలుసు. ఎవరు కడుపుతో ఉన్నారో వాళ్ళ అత్తగారి కంటే ముందు నాకు తెలుస్తుంది. ఆ గొప్ప కూడా ఉండేది నాకు. టేపు చేతిలో ఉంటే నా దగ్గర ఎవరూ ఏదీ దాచలేరని పదిమందిలో అనేదాన్ని.

తమ్ముడు ఐదు నెలల్లో మూడుసార్లు వచ్చాడు.

మొదటిసారి నడుము రెండు అంగుళాలు తగ్గింది. డ్యూటీ ప్యాంటు జారిపోతోందక్కా, బిగించు, అన్నాడు. మరదలు అన్నం మానేసి తిట్లు వడ్డిస్తోందేంట్రా, అన్నాను. నవ్వాడు. 

రెండోసారి ఇంకో అంగుళమున్నర. పెళ్ళికొడుకులా తయారవుతున్నావే, ఏంటి కథ, అన్నాను. నవ్వాడు. 

మూడోసారి ఇంకో అంగుళమున్నర. అప్పుడు నేనేమీ అనలేదు. నోటినిండా గుండుసూదులున్నాయి. వాడు అద్దం ముందు నిలబడ్డాడు కానీ అద్దంలోకి చూడలేదు. ఎండ వాడి భుజం మీద ఉంది.

"లోపల ఆ మడత ఎందుకక్కా, కోసెయ్. మళ్ళీ విప్పే పనుండదు."

ఊఁ, అన్నాను.

ఊఁ... అంతే. సూదుల మధ్యలోంచి ఊఁ.

కోశాను.

ఇరవై ఆరేళ్ళలో ఎవరి బట్టకీ కోయని గుడ్డ, సొంత తమ్ముడికి కోశాను. రెండు వేళ్ళ వెడల్పు ముక్క. కరకరమని తెగింది. సరిగ్గా పదహారో రోజు వాడు పోయాడు.

టేపు చెప్పింది. మూడుసార్లు చెప్పింది. నేను అంకె రాసుకున్నాను.

నా మీద నాకున్న కోపం మాట ఎవరూ ఎత్తనివ్వరు. నీ తప్పేముంది, అంటారు. అనేసి టీ తాగి వెళ్ళిపోతారు. ఆ ముక్క ఇప్పటికీ బల్ల సొరుగులోనే ఉంది.

*

గుండె.

ఆ మాట బాబాయిది. మా నాన్న తమ్ముడు, ఇప్పుడు ఇంటికి పెద్ద. ఆ రోజు అందరినీ ముందు గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి, అందరికీ ఒకే కొలతతో కుట్టిచ్చినట్టు ఒకే మాట ఇచ్చాడు. గుండె ఆగింది. నిద్రలో పోయాడు. ఎవరడిగినా ఇదే చెప్పండి. పిల్లకి కూడా ఇదే చెప్పండి. ఆడపిల్ల, రేపు దాని బతుకు చూసుకోవాలి.

సరే అన్నాం. అందరం సరే అన్నాం. మరదలు తల కూడా ఎత్తలేదు.

కొట్టుకి వచ్చినవాళ్ళు అయ్యో, గుండేనా, అన్నారు. ఊఁ, అన్నాను. ఈ మధ్య చిన్న వయసులోనే వచ్చేస్తోందమ్మా, అన్నారు. ఊఁ, అన్నాను. నోట్లో సూదులుంటే ఎంత సుఖమో. అబద్ధం చెప్పనక్కర్లేదు, నిజం చెప్పనక్కర్లేదు.

అనుమానం వచ్చినవాళ్ళు వేరే రకం. వాళ్ళు గుండె అనరు. ఏం తక్కువైందనీ, అంటారు. పిరికివాడు, అంటారు. పెళ్ళాం నోరు ఎలాంటిదో మనకేం తెలుసు, అంటారు. ఒక్కొక్కరికీ నోరు కుట్టెయ్యాలనిపించేది. ముతక దారంతో, గుండీ కన్నానికి వేసే కాజా కుట్టు కుట్టాలనిపించేది.

పిరికివాడట! పందొమ్మిదేళ్ళు ఆ రోడ్ల మీద అరవైమందిని వెనక కూర్చోబెట్టుకుని తిరిగినవాడు.

నేను మాత్రం వాణ్ణి తిట్టగలను. నాకు హక్కుంది. నేనే వాడికి చొక్కా గుండీలు పెట్టడం నేర్పాను. వెధవా, అంటాను. ఒరే దొంగవెధవా, ఒక్క మాట చెప్పి చావచ్చు కదరా, అంటాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక... బల్ల పట్టుకుని నిలబడిపోతాను.

మూడో నెలలో నాకూ అనిపించింది. వాడి దారినే పోదామని.

దాచను. ఎండ అద్దం దాకా వచ్చేది, వెళ్ళేది. రేపు మళ్ళీ వస్తుందే అని విసుగొచ్చేది. కొట్టు తెరవడం మానేశాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

కాజాల పిన్ని మాత్రం కనిపెట్టింది. పిన్ని అంటే చుట్టం కాదు. నా కొట్టులో కాజాలు తీసి గుండీలు కుట్టే మనిషి. అరవై దాటాయి. కళ్ళద్దాలకి ఒక పక్క దారం కట్టుకుంటుంది. నోరు మూస్తే ఊపిరాడదేమో అన్నట్టు మాట్లాడుతుంది. ఆవిడ ఒకరోజు చొక్కాల మూటెత్తుకుని మా ఇంటికొచ్చి వంటింట్లో బైఠాయించింది. మీ వంటింట్లో వెలుతురు బాగుందే అమ్మాయ్, అంది. మా వంటింటికి ఉన్నది చారెడు కిటికీ. పదకొండు రోజులు వరసగా వచ్చింది. ఒక్క ముక్క అడగలేదు. గుండీలు కుట్టుకుంటూ, పక్కింటి పిల్లి గురించి, తన మోకాళ్ళ గురించి చెప్పుకుంటూ కూర్చుంది. పన్నెండో రోజు నేనే కొట్టుకి బయల్దేరాను. హమ్మయ్య, ఆ వంటింట్లో కళ్ళు పోతున్నాయి నాకు, అంది.

ఆవిడ మీద ఒక్కదాని మీదే నాకు కోపం లేదు.

*

మేనకోడలికి పదిహేనేళ్ళు. తండ్రి పొడుగు, తల్లి మొండితనం. ఏటా స్కూళ్ళు తెరిచే ముందు కొట్టుకొచ్చి ప్యాంటు కొలతలిస్తుంది. ఏటా ఒకే గొడవ. కిందటేడు మడత విప్పిన చోట గీత కనిపిస్తోందత్తా, అందరూ నవ్వుతున్నారు, అంటుంది. ఆ గీత ఎంత రుద్దినా పోదు. ఇస్త్రీకి పోదు, ఉతుక్కి పోదు. ప్యాంటు కాలి మీద ఒక గీత అంటే ఒక ఏడాది. చూస్తే నాకు ముచ్చటగా ఉండేది.

ఈ ఏడాది వచ్చిన రోజు కొట్టులో బాబాయి కూడా ఉన్నాడు. ఏదో సభలో వేదిక మీద కూర్చోవాలట, కొత్త కోటు కావాలట. ఒక చెయ్యి కుట్టాను. రెండో చెయ్యి ఇంకా సూదులతో నిలబెట్టి ఉంది. అద్దం ముందు నిలబడి గడ్డం ఎత్తి ఆ పక్కా ఈ పక్కా చూసుకుంటున్నాడు. పిన్ని తలుపు దగ్గర స్టూలు మీద కాజాలు తీస్తోంది. రెండయింది. ఎండ కత్తెర మీద ఉంది.

పిల్లని బల్ల మీద నిలబెట్టాను. ప్యాంటు కాలు మడుస్తున్నాను. నాలుగు వేళ్ళు ఆనించాను. నోటినిండా సూదులు.

"అత్తా, ఈసారి లోపల మడత పెట్టకు. కోసెయ్."

ఊఁ? అన్నాను.

"మళ్ళీ విప్పే పనుండదు."

చేతులు ఆగిపోయాయి.

అవే మాటలు. ఒక్క అక్షరం తేడా లేదు. గొంతు కూడా అదే. మెల్లగా, మర్యాదగా, ఎవరికీ ఇబ్బంది లేకుండా... ఎక్కువైన గుడ్డ తీసెయ్యమని అడిగినట్టే.

కత్తెర తళతళలాడుతోంది. చెయ్యి చాస్తే అందుతుంది.

ఊఁ అనడానికి నోరు సిద్ధంగా ఉంది. అలవాటైన నోరు.

సూదులన్నీ ఉమ్మేశాను. బల్ల మీద, నేల మీద, పిల్ల పాదాల మీద చిందిపోయాయి. టేపు వదిలేశాను. లేచి నిలబడ్డాను. అయినా పిల్లే ఎత్తులో ఉంది. తలెత్తి చూడాల్సి వచ్చింది.

"విప్పే పని ఎందుకుండదు?"

"ఉండదంతే. ఇంక పెరగను కదా."

"పదిహేనేళ్ళకే పెరగడం ఆపేస్తావా?"

పిల్ల తన పాదాల వంక చూసుకుంది.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా నీకు?"

మెల్లగా అడగాల్సిన మాట. దగ్గరకి తీసుకుని, తల నిమిరి అడగాల్సిన మాట. నాకలా రాలేదు. అరుపులా వచ్చింది. ఏడు నెలల కోపం ఆ ఒక్క ప్రశ్నలోకి దూరింది.

"ఏం మాటలవి!" బాబాయి గిర్రున తిరిగాడు. "పసిపిల్లని అడిగే మాటలేనా అవి? లేనిపోని ఆలోచనలు నువ్వే పుట్టిస్తున్నావు."

"మీరు కదలకండి బాబాయ్. సూదులున్నాయి."

కదిలాడు. గుచ్చుకున్నాయి. అబ్బా, అన్నాడు. తలుపు దగ్గర పిన్ని కిసుక్కుమంది. వెంటనే నోరు మూసుకుంది.

"నీకేమైనా పిచ్చా అత్తా?" అంది పిల్ల.

నేను చూపు తిప్పుకోలేదు. ఎండ కత్తెర మీద నుంచి వేలెడు దూరం జరిగింది.

"రోజూ కాదు," అంది.

రోజూ కాదు.



"ఎప్పుడు మరి?"

"ఆదివారాలు. ఇంట్లో ఎవరూ మాట్లాడరు కదా. నాన్న బస్సులో వేరే డ్రైవరు కనిపిస్తే కూడా." చొక్కా అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది. తర్వాత నన్ను కాదు, బాబాయి వైపు చూసింది. "నేను పోతే ఏం చెప్తారు తాతయ్యా? నాకూ గుండేనా?"

బాబాయి నోరు తెరిచాడు.  ఒంటి చెయ్యి కోటులో, ఎండిపోయిన మొహంతో... ఏడు నెలల్లో మొదటిసారి ఆయన దగ్గర ఎవరికీ ఇవ్వడానికి మాట లేదు.

నా దగ్గర ఉంది.

"మీ నాన్నకి గుండె ఆగలేదు. మీ నాన్న ఆత్మహత్య చేసుకున్నాడు. నీకు అబద్ధం చెప్పాం. నేనూ చెప్పాను."

కొట్టులో ఆ మాట మొదటిసారి పలికింది. గోడలు కూలలేదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"తెలుసు," అంది పిల్ల.

"ఎప్పట్నించి?"

"మొదటి రోజు నించే. మీకు తెలీదేమో అని నేను చెప్పలేదు. తెలిస్తే నువ్వు తట్టుకోలేవని."

అప్పుడు ఏడ్చాను. ఏడు నెలల తర్వాత. కోపంతోనే ఏడ్చాను. పదిహేనేళ్ళ పిల్ల, ఇంతమంది పెద్దవాళ్ళని కాపాడాలని, నోరు కుట్టుకుని కూర్చుంది. మేమేమో దాన్ని కాపాడుతున్నామని నోళ్ళు కుట్టుకున్నాం. ఇంటినిండా దర్జీలమే.

"నువ్వు చచ్చావంటే చంపేస్తాను నిన్ను!" అని అరిచాను.

అరిచాక ఏమన్నానో నాకే వినిపించింది. పిల్లకీ వినిపించింది. ఏడుస్తూనే నవ్వింది. ముక్కు చీదుకుంటూ, బల్ల మీద నిలబడి, సగం మడిచిన ప్యాంటుతో నవ్వింది. ఆ నవ్వు తండ్రిది కాదు. తండ్రి చివరి రోజుల్లో నవ్వినట్టు కాదు. నాకు తేడా తెలుసు. ఇప్పుడు తెలుసు.

దించి స్టూలు మీద కూర్చోబెట్టాను. నాకూ అనిపించింది, అని చెప్పాను. మూడో నెలలో అనిపించింది, పిన్ని పదకొండు రోజులు వంటింట్లో కూర్చుంది, అని చెప్పాను. నువ్వు కూడానా, అన్నట్టు చూసింది. ఆ చూపులో ఏదో వదులైంది.

బాబాయి బల్ల అంచున కూలబడ్డాడు. సూదులు గుచ్చుకుంటున్నట్టున్నాయి, పట్టించుకోలేదు.

"మా అమ్మ పోయినప్పుడూ ఇలాగే చెప్పాం," అన్నాడు.

నాయనమ్మ. నేను పుట్టకముందే పోయిన నాయనమ్మ. గుండె ఆగి పోయిందని చిన్నప్పటి నుంచీ విన్నాను.

నాకు జాలి కలగాల్సింది. కలగలేదు. ఎన్ని గుండెలు బాబాయ్ మనింట్లో, అన్నాను.  కోటు విప్పి ఇచ్చేసి, తలొంచుకుని, ఎండలో నడిచి వెళ్ళిపోయాడు.

*

పిన్ని మరదలు పనిచేసే పోస్టాఫీసుకి వెళ్ళి ఆమెని కౌంటరు దగ్గర నుంచి లేపుకొచ్చింది. నలుగురం డాక్టరమ్మ దగ్గరకి నడిచాం. కొట్టు తాళం వెయ్యడం మర్చిపోయాను. ఎవరూ ఏమీ ఎత్తుకుపోలేదు. నా సూదులు ఎవరికి కావాలి.

డాక్టరమ్మ పిల్లని అదే ప్రశ్న అడిగింది. నేనడిగిందే. అరవకుండా అడిగింది, అంతే తేడా. అడిగితే లేని ఆలోచన పుట్టదమ్మా, ఉన్నది బయటికొస్తుంది, అని నాతో చెప్పింది. ఈ మాట ఏడు నెలల కిందట ఎవరైనా నాకు చెప్పి ఉంటే, అని ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఏ వేళప్పుడైనా చెయ్యమని ఒక ఫోన్ నంబరిచ్చింది. ప్రతి గురువారం పిల్లని తీసుకురమ్మంది. నన్నూ రమ్మంది. నీ తప్పు కాదు, అంది. విన్నాను. నమ్మడానికి ఇంకా చాలా గురువారాలు పడుతుంది.

తిరిగొచ్చే దారిలో మరదలు మొదటిసారి మాట్లాడింది. నాకెందుకు చెప్పలేదే, అంది.

నువ్వెప్పుడూ గుమ్మంలో నాన్న చెప్పుల పక్కన కూర్చుంటావు కదమ్మా, అంది పిల్ల. అక్కడ చోటు లేదు.

మర్నాడు మరదలు గుమ్మం దగ్గరి చెప్పులు తీసి లోపల పెట్టింది. ఆదివారాలు తల్లీకూతుళ్ళిద్దరూ మా ఇంటికి వస్తున్నారు. పెద్ద మాటలేం ఉండవు. పోట్లాడుకుంటారు, ఎవరు గ్లాసులు కడగాలో. ఇల్లు చప్పుడుగా ఉంటుంది.

ఆ ప్యాంటు కుట్టాను. నాలుగు వేళ్ళు కాదు, ఎనిమిది వేళ్ళ గుడ్డ లోపల పెట్టాను. కాళ్ళకి ఇటుకలు కట్టుకున్నట్టుందత్తా, అని సణిగింది. సణుగు. ఎంత సణుగుతావో సణుగు. అది విప్పే రోజు నేను కళ్ళారా చూడాలి.

బాబాయి కోటు ఇంకా ఒంటి చెయ్యితోనే వేలాడుతోంది. రమ్మని కబురు పెట్టలేదు. ఆయనా రాలేదు. మొన్న వీధిలో ఎవరో తమ్ముడి గురించి అడిగితే, గుండె అనబోయి ఆగిపోయాడట. నిజం చెప్పలేదట. అబద్ధమూ చెప్పలేదట. పిన్ని చెప్పింది. చూద్దాం.

పిల్ల రోజూ స్కూలయ్యాక కొట్టుకొస్తుంది. ఎండ అద్దం అందుకునే వేళకి వస్తుంది. వచ్చీ రాగానే అడుగుతాను.

ఇవాళ?

పర్లేదు, అంటుంది. 

కొన్ని రోజులు, బాలేదు, అంటుంది. బాలేని రోజు గుండీల డబ్బా బల్ల మీద బోర్లిస్తుంది. తెల్లవి ఒక పక్క, నల్లవి ఒక పక్క, రెండు కన్నాలవి, నాలుగు కన్నాలవి. అన్నీ వేరు చేస్తుంది. తర్వాత అన్నీ కలిపేసి మళ్ళీ మొదలుపెడుతుంది. పిన్ని పక్కన కూర్చుని ఆ పనికిమాలిన పిల్లి కథే మళ్ళీ చెబుతుంది. నేను లెక్కలేనన్నిసార్లు తలెత్తి చూస్తాను.

కొన్ని రోజులు, అడక్కు, అంటుంది. కాసేపాగి మళ్ళీ అడుగుతాను. విసుక్కుంటుంది. విసుక్కోనీ.

తమ్ముడి మీద కోపం పోలేదు. పోతుందని ఎవరైనా అంటే వాళ్ళ మీద కూడా కోపమే. సొరుగు తెరిచినప్పుడల్లా ఆ రెండు వేళ్ళ ముక్క కనిపిస్తుంది. పారెయ్యను. ఒరే, నీకు విప్పే పని ఉండేదిరా, అంటాను దానితో. నాలుగు పూటలు కడుపునిండా తిని, ఒళ్ళు చేసి, ప్యాంటు బిగుతైపోయిందక్కా అని నువ్వు నా కొట్టుకి రావాల్సిందిరా.

*

ఇవాళ నాలుగున్నరైంది.

ఎండ అద్దం మీదకి వచ్చింది. పిల్ల రాలేదు.

నాలుగూ ముప్పై ఐదు. నోట్లో సూదులతో ఎవరిదో లంగా అంచు కుడుతున్నాను. చెయ్యి వంకర పోతోంది. స్కూల్లో ఆలస్యమై ఉంటుంది, అంటుంది పిన్ని. ఊఁ... అనబోయి ఆగాను.

నాలుగూ నలభై. ఎండ అద్దంలో సగం దాటింది. ఆలస్యమైతే ఒక్క మాట చెప్పొద్దూ? చెప్పే అలవాటు లేదు ఈ ఇంట్లో ఎవరికీ. రానీ. వస్తే చెవి మెలిపెడతాను. వస్తే... ముందు రానీ.

మరదలికి ఫోన్ చేశాను. సూదుల మధ్యలోంచే, పిల్ల ఇంకా రాలేదన్నాను. వెంటనే బయల్దేరుతున్నానంది.  

లేచి గుమ్మంలోకి వచ్చాను. ఎండ సూటిగా కళ్ళలో పడుతోంది. వీధి మలుపులో ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. పొడుగ్గా ఉన్నారు. ఎవరో పోల్చుకోలేకపోతున్నాను. చెయ్యి అడ్డం పెట్టుకున్నా తెలియడం లేదు.

నోట్లోంచి సూదులు ఒక్కొక్కటీ తీసి పిన్ని అరచేతిలో పెడుతున్నాను. ఒకటి. ఇంకొకటి. ఇంకొకటి. తొందరతొందరగా. ఆ మనిషి ఇక్కడికి వచ్చేసరికి, అడగడానికి నోరు ఖాళీగా ఉండాలి.

నోట్లో సూదులు లేవు. నాలుక అంచున ఇనుము రుచి మాత్రం ఉంది.